పాత టేకు, కొత్త టేకు కలిసిన మిద్దె డెక్‌కు ఏ స్టెయిన్ మేలు?

ప్రశ్న (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా మిద్దె మీద టేకు పలకల డెక్ ఉంది. ఏళ్ల తరబడి ఎండకు, వానకు బూడిదరంగుకు తిరిగిన పలకల్లో పుచ్చిపోయినవాటిని తీసేసి, ఆచారి గారు కొత్త పలకలు బిగించారు. ఇప్పుడు కొత్తవి పసుపుపచ్చగా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) వేస్తే రెండూ ఒకే రంగులోకి రావాలి, టేకు చారలూ కనిపించాలి. తలుపులకు వేసే ఫ్రెంచ్ పాలిష్ చాలని ఇంట్లో పెద్దవారు అంటున్నారు. దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (చిత్తూరు)

ఆరుబయట ఫ్రెంచ్ పాలిష్ వద్దండి. అది లక్కతో తయారయ్యేది కనుక నీరు నిలిచిన చోటల్లా తెల్లటి మచ్చలు పడతాయి.

స్టెయిన్ కొనేముందు రెండు చెక్కలనూ ఒక స్థితికి తేవాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం చెడిపోవడం వల్ల వచ్చిన ఆ బూడిదరంగు పైపొరకే పరిమితం. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీటితో చార వెంబడి తోమి శుభ్రంగా కడిగితే లోపలి గోధుమరంగు బయటపడుతుంది. ఆరాక పాతవాటినీ, కొత్తవాటినీ 80 నంబరు ఉప్పు కాగితంతోనే రుద్దించండి. 220 వంటి నున్నటి కాగితంతో రుద్దితే స్టెయిన్ సరిగా లోపలికి దిగదు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి, కొత్త పలకలను థిన్నర్ గుడ్డతో తుడవడం మరువకండి.

జవాబు (తిరుపతి)

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రంగు విషయంలో, నూనె ఆధారిత సెమీ ట్రాన్స్‌పరెంట్ (రంగునిస్తూనే చారలు కనిపించనిచ్చే) రకంలో నడిమి గోధుమరంగు నా ఎంపిక. రంగు లేని స్టెయిన్ మన ఎండకు ఎక్కువ కాలం ఆగదు. చిక్కటి సాలిడ్ స్టెయిన్ తేడాను కప్పేసినా, చారలనూ కప్పేసి, నడిచే చోట పొరలుగా లేస్తుంది. పాత చెక్క ఎక్కువ పీల్చుకుని ముదురుగా తేలుతుంది కనుక, పక్కపక్కనున్న ఒక పాత పలక మీద, ఒక కొత్త పలక మీద జానెడు మేర వేసి, పూర్తిగా ఆరాక పగటి వెలుతురులో చూడండి. కొత్తది లేతగా ఉంటే దానికి మాత్రమే ఒక ఛాయ ముదురు వాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. వానలలోపే వేయించవచ్చునా?

జవాబు (చిత్తూరు)

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు వరుసగా కొన్ని పొడి రోజులు దొరికితే వేయించండి. లేకుంటే ఫిబ్రవరి దాకా ఆగడమే మంచిది. పలక మీద చల్లిన నీటిచుక్కలు వెంటనే ఇంకితే చెక్క సిద్ధమైనట్టే. కాళ్లు కాలే పలకల మీద స్టెయిన్ అతుకులు పడి ఆరుతుంది కాబట్టి ఎండ తగ్గాకే పని మొదలుపెట్టించండి. పలుచగా పూసి, పీల్చుకోకుండా మిగిలినదాన్ని తుడిచేయాలి. తుడిచిన గుడ్డలను మాత్రం కుప్పగా పడేయనివ్వకండి. ఆ నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకోగలవు, అందుకని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టించండి.