అప్‌డేట్: పాత ట్రక్ ఏసీ కంప్రెసర్ సంగతి

రాయగడ నుంచి పార్వతీపురం లోడ్లు తోలే పాత ట్రక్‌లో ఏసీ కంప్రెసర్ పట్టేసిందని (లోపల తిరగకుండా బిగుసుకుపోయిందని), ఒక్క కంప్రెసర్ మారిస్తే సరిపోతుందా, లేక తీసేసి చిన్న బెల్ట్‌తో నడిపేయాలా అని అడిగాను కదా. బండి బాగైంది.

ముందు కంప్రెసర్ క్లచ్ (ఏసీ వేసినప్పుడు పుల్లీని కంప్రెసర్‌తో కలిపే భాగం) చూడమన్న అన్నకు చాలా థ్యాంక్స్. ఏసీ ఆఫ్‌లో పుల్లీ ఫ్రీగానే తిరిగింది. క్లచ్ పట్టినప్పుడు మాత్రం బెల్ట్ జారి కాలిన వాసన. అంటే పుల్లీ బేరింగ్ కాదు, కంప్రెసర్ లోపలే పోయింది. బ్యాటరీ చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కూ అదే బెల్ట్ కాబట్టి క్లచ్ వైరు పీకేసి, ఏసీ లేకుండానే కొన్నాళ్లు నడిపాను.

కంప్రెసర్ విప్పితే ఆయిల్ నల్లగా, అందులో సన్నటి ఇనుప రజను. ఇది చూశాక ఒక్క కంప్రెసర్ మార్చడం శుద్ధ దండగ అనిపించింది. ఆ రజను కొత్తదాన్నీ తినేస్తుంది. పైపులు ఫ్లష్ చేయించాం. కండెన్సర్ (వేడి గ్యాస్‌ను చల్లబరిచే జాలీ) సన్న గొట్టాల్లో చెత్త పూర్తిగా పోదని మెకానిక్ అంటే అదీ మార్చాను. తేమ పీల్చే డ్రయ్యర్, గ్యాస్‌ను కొలతగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, జాయింట్ల రబ్బరు ఓరింగులు ఎలాగూ కొత్తవే. సామాను విశాఖ నుంచి తెప్పించాను, ఖర్చు గట్టిగానే అయింది.

గ్యాస్ ఎక్కించే ముందు లోపలి గాలి, తేమ లాగేయడానికి దాదాపు గంట వాక్యూమ్ పెట్టి, లీకు లేదని తేల్చుకోవడానికి పంపు ఆపాక కూడా గేజ్ ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూశాం. ఏసీ గ్యాస్ (ఆర్134ఏ) అందాజాగా కాకుండా, బానెట్ స్టిక్కర్ మీదున్న గ్రాముల లెక్కన తూచి ఎక్కించాడు మెకానిక్.

మధ్యాహ్నం ఎండలో కూడా క్యాబిన్ చల్లగా ఉంది. మా డ్రైవర్ మొహంలో సంతోషం చూస్తే పెట్టిన డబ్బుకు బాధ లేదు. జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.