ఓపెన్ హార్ట్ సర్జరీ అయి ఐదు వారాలు: కారు నడపడం ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా వయసు 61. బైపాస్ జరిగి రేపటికి 5 వారాలు. మూడు గ్రాఫ్టులు (అడ్డు దాటి రక్తం వెళ్లే కొత్త దారులు) వేశారు, వాటి కోసం ఎడమ కాలి నుంచి రక్తనాళం తీశారు. పైన కుట్లు మానిపోయాయి. పొద్దున, సాయంత్రం కలిపి 40 నిమిషాలు నడుస్తున్నాను, ఆయాసం లేదు. డిశ్చార్జి కాగితంలో "6 వారాలు బరువులు ఎత్తకూడదు, డ్రైవింగ్ చేయకూడదు" అని రాశారు. అంటే ఆరు వారాలు నిండిన మర్నాడే తాళాలు తీసుకుని బయల్దేరొచ్చా, లేక ఇంకేమైనా చూసుకోవాలా? నాది గేర్ల కారు. మా ఆవిడకు డ్రైవింగ్ రాదు. చిన్న పనికైనా అబ్బాయిని పిలవాల్సి వస్తోంది. వాడు ఏమీ అనడు, నాకే మనసొప్పడం లేదు.

ఇంకో మాట. ఎడమ చేతి చిటికెన వేలు, పక్కనున్న ఉంగరం వేలు మొద్దుబారినట్టు ఉంటున్నాయి. దీనికీ ఆపరేషన్‌కీ సంబంధం ఉంటుందా?

జవాబు: బైపాస్ అయి మూడేళ్లు నిండిన సభ్యుడు

అన్నగారూ, అడిగి మంచి పని చేశారు. నేను ఎవరినీ అడగలేదు. 24వ రోజున కారు తీశాను. నొప్పి లేదు కదా, దగ్గరే కదా అనుకున్నాను. మలుపు దగ్గర ముందున్న బండి ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు మీద కాలు వేయాలని తెలుస్తూనే ఉంది, కానీ ఛాతీ ఎక్కడ అదురుతుందోనని ఒక్క క్షణం వెనకాడాను. ఆ తర్వాత గట్టిగా తొక్కాను. బండికి తగల్లేదు. కానీ సీటు బెల్టు బిగుసుకుని సరిగ్గా గాటు మీద నొక్కింది. ఆ రాత్రి పక్కకు తిరిగినప్పుడల్లా ఛాతీలో "టిక్" మని చిన్న చప్పుడు. పొద్దున్నే ఆస్పత్రికి పరుగెత్తాం. ఎక్స్‌రేలో ఛాతీ ఎముకను బిగించిన తీగలు కదల్లేదని చెప్పారు గానీ, ఆ చప్పుడు పోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

నాకు నొప్పి లేకపోవడానికి కారణం మానిపోవడం కాదు, అప్పటికింకా నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను. ట్రమడాల్, కోడీన్ లాంటివి నొప్పితో పాటు చురుకుదనాన్నీ తగ్గిస్తాయి. అవి పూర్తిగా మానేసేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు. పారాసిటమాల్‌తో ఆ ఇబ్బంది ఉండదు.

ఇక ఆరు వారాల సంగతి. ఆ లెక్క "అంతకంటే ముందు వద్దు" అని చెప్పడానికే. ఆ రోజు రాగానే మీరు సిద్ధమైపోయినట్టు కాదు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా నియమాల్లో సొంత కారు నడిపేవాళ్లకు బైపాస్ తర్వాత కనీసం 4 వారాల విరామం చెప్పారు. చాలామంది సర్జన్లు మాత్రం ఎముకను దృష్టిలో పెట్టుకుని 6 నుంచి 8 వారాలు ఆగమంటారు. మీ సర్జన్ చెప్పిందే మీకు లెక్క.

జవాబు: ఫిజియోథెరపిస్ట్

నమస్తే సర్. గుండె ఆపరేషన్ల తర్వాత వ్యాయామాలు చేయించడం నా రోజువారీ పని. ముందు వేళ్ల సంగతి చెబుతాను, అది మిమ్మల్ని భయపెడుతున్నట్టుంది. ఆపరేషన్‌లో ఛాతీ ఎముకను నిలువునా కోసి రెండు వైపులా విడదీసి ఉంచుతారు. అప్పుడు మెడ కింద నుంచి చేతికి వెళ్లే నరాలు కాస్త సాగుతాయి. అందువల్ల చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారడం చాలామందిలో చూస్తాం. ఎక్కువమందికి కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. డాక్టరుకు మాత్రం తప్పక చెప్పండి. చేతిలో పట్టు తగ్గిందా లేదా అన్నది డ్రైవింగ్‌కి ముఖ్యం. రెండు చేతులతో ఒకేసారి తువ్వాలు పిండి చూడండి. ఎడమ చేయి వెనకబడితే ఇంకా ఆగాలి.

ఛాతీ ఎముకను స్టీలు తీగలతో బిగించి మూస్తారు. అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, పూర్తి గట్టిదనం రావడానికి మూడు నెలల దాకా పడుతుంది. షుగరు ఉన్నవాళ్లకు, పొగతాగే అలవాటున్నవాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు. పైన చర్మం మానడం చూసి లోపల కూడా అయిపోయిందనుకోకండి. రెండూ ఒకే వేగంతో మానవు.

డాక్టరు సరే అన్నాక రోడ్డెక్కే ముందు ఒక పని చేయండి. ఖాళీ స్థలంలో కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేయండి. స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. కారు కదలకుండా ఉన్నప్పుడే స్టీరింగ్ ఎక్కువ బరువుగా ఉంటుంది, అందుకే సాఫీగా పోయే రోడ్డు కంటే పార్కింగ్‌లోనే ఛాతీకి శ్రమ ఎక్కువ. తర్వాత ఎవరో అడ్డొచ్చారనుకుని బ్రేకు ఒక్కసారిగా తొక్కండి. క్లచ్ ఓ ఇరవై సార్లు నొక్కండి. మీకు రక్తనాళం తీసింది ఎడమ కాలి నుంచే కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. మెడా భుజాలూ తిప్పి రెండు వైపులా వెనక్కి చూడండి. ఇందులో ఏ ఒక్కదానికైనా ముఖం చిట్లించాల్సి వచ్చినా, ఊపిరి బిగబట్టాల్సి వచ్చినా ఇంకో వారం ఆగి మళ్లీ చూడండి. పక్కన మీ అబ్బాయిని కూర్చోబెట్టుకుని చేయండి. మన ముఖం మనకు కనబడదు కదా.

ఛాతీలో టిక్‌మనడం, ఎముక జరిగినట్టు అనిపించడం, గాటు దగ్గర ఎర్రబడటం, చీము, జ్వరం - వీటిలో ఏది ఉన్నా డ్రైవింగ్ మాట పక్కనపెట్టి అదే రోజు సర్జన్‌కి చూపించండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

చాలా థాంక్స్ అండి, వేళ్ల గురించి చెప్పాక సగం టెన్షన్ పోయింది. మరి సీటు బెల్టు? అబ్బాయి పక్కన కూర్చున్నప్పుడు కూడా అది గాటు మీద రాసుకుంటోంది. నిన్న చంక కిందుగా పెట్టుకున్నాను.

జవాబు: ఫిజియోథెరపిస్ట్

అలా ఎప్పుడూ పెట్టుకోకండి సర్. దెబ్బ తగిలితే ఆ బలమంతా పక్కటెముకల మీద, కడుపు మీద పడుతుంది. బెల్టు భుజం మీదుగానే రావాలి. గాటుకీ బెల్టుకీ మధ్య మెత్తటి చిన్న తువ్వాలు మడిచి పెట్టుకోండి, అంతకంటే మందంగా వద్దు, బెల్టు వదులైపోతుంది. కొన్నాళ్లపాటు ముందు సీటు కంటే వెనక సీటు మంచిది, ఎయిర్‌బ్యాగ్‌కి దూరంగా ఉంటారు. మీరే నడిపే రోజు వచ్చాక స్టీరింగ్‌కీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండేలా సీటు వెనక్కి జరుపుకోండి. జరిపే లివరు బిగుసుకుపోయి ఉంటే మీరు లాగకండి, అబ్బాయితో జరిపించండి.

కారు ఎక్కేటప్పుడు మొదట సీటు వైపు వీపు తిప్పి కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోండి. పైనున్న హ్యాండిల్ పట్టుకుని వేలాడుతూ ఎక్కే అలవాటు చాలామందికి ఉంటుంది. ఒక పక్క చేయి అలా లాగితే అతుకుతున్న ఎముక మీద భారం పడుతుంది. డిక్కీ తలుపు పైకెత్తడం, బరువైన గేటు నెట్టడం కూడా అంతే. డ్రైవింగ్ వద్దన్న సంగతి గుర్తుంటుంది గానీ వీటిని మర్చిపోతారు.

జవాబు: వాల్వు మార్పిడి జరిగిన వ్యక్తి భార్య

అన్నయ్యగారూ, మా వారికి వాల్వు మార్చారు. ఎముక గురించి అందరూ చెప్పారు, నేను బుర్ర గురించి చెబుతాను. రెండో నెలలో కూడా ఆయన పేపరు చదువుతూ అదే పేరా మళ్లీ మళ్లీ చదివేవారు. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయేవారు. అడిగితే కోపం వచ్చేది. ఈ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఏకాగ్రత తగ్గడం, నిద్ర సరిగా పట్టకపోవడం, ఊరికే కళ్లనీళ్లు రావడం మామూలేనని, మెల్లగా సర్దుకుంటుందని డాక్టరుగారు చెప్పారు. కానీ ఆ స్థితిలో నాలుగు రోడ్ల కూడలిలో కారు నడపగలరా? తన బుర్ర ఎలా ఉందో ఆ మనిషికి తెలియదు, ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. మా వదినగారిని అడగండి, "నేను ముందులాగే ఉన్నానా?" అని. ఆమె చెప్పేది నమ్మండి.

బీపీ మాత్రలు కూడా చూసుకోండి. మా వారికి మెటోప్రొలాల్ మోతాదు పెంచిన వారం కుర్చీలోంచి లేస్తే కళ్లు తిరిగేవి. మందు మార్చినా, మోతాదు మార్చినా కొన్నాళ్లు నడపకుండా చూసుకోవాలి. గుండె దడ వచ్చిందా అన్నది కూడా గమనించండి. ఈ ఆపరేషన్ల తర్వాత మొదటి రోజుల్లో గుండె లయ తప్పడం చాలామందికి జరుగుతుంది, ఇంటికొచ్చాక మళ్లీ వచ్చేవాళ్లూ ఉన్నారు. మా వారిది లోహపు వాల్వు కాబట్టి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. చిన్న దెబ్బకే రక్తం ఎక్కువ పోతుంది. ఆ సంగతి రాసిన కార్డు ఆయన జేబులోనే ఉంటుంది, కారులో ఇంకోటి పెట్టాం.

మరో సభ్యుడి ప్రశ్న

ఇదే చోట అడుగుతున్నాను, క్షమించండి. మా నాన్నగారు బస్సు డ్రైవరు, ఆయనకీ బైపాస్ అయింది. ఆయనకూ ఇదే లెక్కా? ఇంట్లో స్కూటర్ కూడా ఉంది, "కారు కంటే తేలికే కదా" అంటున్నారు.

జవాబు: బైపాస్ అయి మూడేళ్లు నిండిన సభ్యుడు

లేదు తమ్ముడూ. బస్సు, లారీ నడిపేవాళ్లకు నియమాలు వేరు. నేను పైన చెప్పిన మూడు దేశాల్లోనూ వాళ్లకు కనీసం 3 నెలల విరామం ఉంది. ఆ తర్వాత కూడా గుండె పంపింగ్ ఎంత ఉందో పరీక్షించి, రాతపూర్వకంగా ఫిట్ అని చెబితేనే. లైసెన్సు ఇచ్చే కార్యాలయానికి, ఉద్యోగం చేసేచోట, ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పించండి. దాచిపెడితే తర్వాత క్లెయిమ్‌కి ఇబ్బంది అవుతుంది. ఛాతీలో డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) పెట్టి ఉంటే దానికి మళ్లీ వేరే నియమాలు, అవి డాక్టరు దగ్గరే తెలుసుకోవాలి.

స్కూటర్ తేలిక అన్నది నడుస్తున్నప్పుడు. స్టాండు వేసేటప్పుడు, గుంటలో పడి ఒక పక్కకి ఒరిగినప్పుడు ఆ బరువంతా రెండు చేతుల మీదకే వస్తుంది. పడితే కాపాడటానికి చుట్టూ ఏమీ లేదు. నేను మూడు నెలలు నిండాకే, అదీ డాక్టరును అడిగాకే ముట్టుకున్నాను. నాన్నగారిని అప్పటిదాకా ఆపండి, కోప్పడినా సరే.

ప్రశ్న అడిగిన సభ్యుడు, మూడు వారాల తర్వాత

ఆలస్యంగా రాస్తున్నాను. ఆరో వారం చెకప్‌లో సర్జన్ ఛాతీ మీద చేతులు పెట్టి దగ్గమన్నారు, ఎక్స్‌రే చూశారు, బాగా అతుక్కుంటోందన్నారు. అయినా ఆగిన కారులో చేసే పరీక్షలో నేను తప్పాను. క్లచ్ పది సార్లు నొక్కేసరికే ఎడమ పిక్క బిగుసుకుపోయింది. మా అబ్బాయి ఏమీ అనకుండా తాళాలు జేబులో వేసుకున్నాడు. మా ఆవిడ కూడా "ఇంకా మాటలు మధ్యలో మర్చిపోతున్నారు" అంది. పది రోజులు ఆగి మళ్లీ చేశాను, ఈసారి ఇరవై సార్లూ నొక్కగలిగాను.

నిన్న పొద్దున, రద్దీ మొదలు కాకముందు, అబ్బాయిని పక్కన పెట్టుకుని 12 నిమిషాలు నడిపాను. రివర్స్‌లో పెట్టేటప్పుడు మాత్రం వాడికి ఇచ్చేశాను, మెడ ఇంకా పూర్తిగా తిరగడం లేదు. ఇంటికొచ్చేసరికి నడిచినదానికంటే ఎక్కువ అలసట వచ్చింది, ఓ గంట పడుకున్నాను. చిటికెన వేలికి స్పర్శ వచ్చింది, ఉంగరం వేలు చివర మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది.