రావిన్ క్రాస్‌బో న్యూయార్క్‌లో వేటకు చెల్లుతుందా?

ప్రశ్న: బింగ్‌హామ్‌టన్, న్యూయార్క్ (అక్టోబర్ 2023)

నమస్తే అన్నలూ. ఆఫీసులో ఒక కొలీగ్ పుణ్యమా అని నాకు జింకల వేట పట్టుకుంది. రెండేళ్లు వాళ్ల మామగారి పొలంలో, పెన్సిల్వేనియాలో వేటాడాను. హెచ్1బీ మీద ఉన్నవాడికి తుపాకీ అంటే ఫెడరల్ రూల్స్ తలనొప్పి, అందుకే మొదటి నుంచీ క్రాస్‌బోనే, అంటే తుపాకీలా ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే విల్లే. నిరుడు డబ్బులు కూడబెట్టి రావిన్ కంపెనీ క్రాస్‌బో, ఆర్10 మోడల్, కొన్నాను. ఈసారి ఇంటికి దగ్గర్లో, న్యూయార్క్ స్టేట్ ల్యాండ్‌లోనే కూర్చుందామని లైసెన్స్ తీసుకున్నాను.

మొన్న బాణాలు కొనడానికి వెళ్తే కౌంటర్‌లో ఉన్న పెద్దాయన "ఆ బో ఇక్కడ పనికిరాదు" అని ఒక్క ముక్క అనేసి ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు. నారి ఉంది, ట్రిగ్గర్ ఉంది, సేఫ్టీ ఉంది. సరిహద్దుకు అటు చెల్లేది అరగంట ఇటు డ్రైవ్ చేస్తే ఎందుకు చెల్లదు? నిజమేనా, లేక ఆయన దగ్గరున్న సరుకు అమ్ముకోవడానికి అన్నాడా? ఇంకోటి, మా రూమ్మేట్ 80 పౌన్ల పిస్టల్ క్రాస్‌బో (ఒక చేత్తో పట్టుకునే చిన్నది) ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. తనూ వస్తానంటున్నాడు.

జవాబు: రోచెస్టర్, న్యూయార్క్

తమ్ముడూ, పెద్దాయన మర్యాదగా చెప్పలేదు గానీ నిజమే చెప్పాడు. నీ బో న్యూయార్క్‌లో వేటకు చెల్లదు. మీ రూమ్మేట్‌ది అసలే చెల్లదు.

ఇక్కడ 2014లో క్రాస్‌బో వేటకు అనుమతి ఇచ్చినప్పుడే ఏది క్రాస్‌బో అవుతుందో కొలతలతో సహా రాసిపెట్టారు. కాంపౌండ్ (చక్రాలున్నది) అయినా రికర్వ్ (చక్రాలు లేనిది) అయినా సరే, లింబ్‌లు (వంగే రెక్కలు), నారి ఉండాలి. స్టాక్ (తుపాకీకి ఉండేలాంటి దిమ్మ) మీద బిగించి ఉండాలి. ట్రిగ్గర్‌కి పనిచేసే సేఫ్టీ ఉండాలి. బాణం, మొన వదిలేసి, కనీసం 14 అంగుళాలు ఉండాలి. డ్రా వెయిట్, అంటే నారి లాగడానికి పట్టే బలం, 100 పౌన్లకు తగ్గకూడదు, 200 దాటకూడదు. స్టాక్ వెనక అంచు నుంచి లింబ్‌ల ముందు వరకు 24 అంగుళాలైనా ఉండాలి. నువ్వు ఇరుక్కున్నది వీటిలో ఎక్కడా కాదు. నారి ఎక్కించనప్పుడు లింబ్‌ల వెడల్పు కనీసం 17 అంగుళాలు ఉండాలన్న దగ్గర ఇరుక్కున్నావు.

రావిన్ గొప్పతనమంతా సన్నగా ఉండటంలోనే కదా. లింబ్‌ల చివర ఉండే చక్రాల్లాంటి క్యామ్‌లు దాదాపు పూర్తి చుట్టు, 340 డిగ్రీలు, తిరుగుతాయి. తాళ్లు వాటి మీద మరచుట్టులా చుట్టుకుంటాయి. అందుకే లింబ్‌లు పెద్దగా చాచుకోకపోయినా బాణం సెకనుకు 400 అడుగుల వేగంతో వెళ్తుంది. కానీ ఆర్10 నారి ఎక్కిస్తే ఇరుసు నుంచి ఇరుసుకు 6 అంగుళాలు, దించితే 10.5. పదిహేడుకి ఎక్కడా అందదు. చట్టం రాసే నాటికి ఇలాంటిది షాపుల్లోనే లేదు. టేపు మాత్రం అప్పటిదే.

కొలిచేటప్పుడు చాలామంది ఒక తప్పు చేస్తారు. బోని బల్ల మీద పడుకోబెట్టి, నారి దించి, ఎడమ లింబ్ మొన బయటి అంచు నుంచి కుడి లింబ్ మొన బయటి అంచు వరకు టేపు లాగాలి. చక్రాలు, క్యామ్‌లు లెక్కలోకి రావు. అవి కలుపుకుంటే 17 వస్తోందని సంబరపడితే లాభం లేదు.

రివర్స్ డ్రా (లింబ్‌లు తిరగేసి ఉండే) వాటి గురించీ అడుగుతుంటారు కాబట్టి అదీ చెప్పేస్తా. లింబ్‌లు ఎటు తిరిగి ఉన్నా చట్టానికి పట్టదు, వెడల్పూ పొడవూ సరిపోతే చాలు. కాకపోతే ఆ డిజైన్‌లో కూడా సన్నవే ఎక్కువ. ఒక్కోటీ కొలవాల్సిందే.

మ్యాగజైన్‌తో వరసగా వదిలేవి వేరే కథ. ఆడర్ అనేది 130 పౌన్ల బో. దానిలో 5 బాణాలు పడతాయి. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ దాని బాణం 7.5 అంగుళాలు, ఇక్కడ కావాల్సింది 14. మీ రూమ్మేట్ పిస్టల్ బో సంగతికొస్తే డ్రా వెయిట్ చాలదు, పొడవు చాలదు, బాణమూ చాలదు. పెరట్లో డబ్బాలు కొట్టుకోమను.

నవ్వుకోకుండా ఇదీ విను. నేను నీ తప్పుకి తలకిందుల తప్పు చేశాను. వెడల్పు నిబంధన భయంతో రెక్కలు బారెడున్న రికర్వ్ క్రాస్‌బో ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెడల్పులో దర్జాగా పాసయ్యింది. ఇంటికొచ్చి లింబ్ మీద స్టిక్కర్ చూస్తే 260 పౌన్లు. రెండు వందలు దాటకూడదన్న ముక్క నాకు గుర్తే లేదు. సగం ధరకి అమ్ముకున్నాను. అందుకే కొనే ముందు స్టిక్కర్ ఫొటో అడుగు.

జవాబు: అలెన్‌టౌన్, పెన్సిల్వేనియా

మా వైపు వెడల్పు గొడవ లేదు తమ్ముడూ. డ్రా వెయిట్ 125 పౌన్లు తగ్గకూడదు, బ్రాడ్‌హెడ్ (బ్లేడ్లున్న బాణం మొన) కోత వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులైనా ఉండాలి. నీ రావిన్‌తో నువ్వు ఇక్కడికి నిశ్చింతగా రావచ్చు. 2009 నుంచి ఆర్చరీ సీజన్ (విల్లు వేటకు కేటాయించిన రోజులు)లో క్రాస్‌బోలు అందరికీ తెరిచారు. కొలీగ్ మామగారికి ఒక స్వీట్ బాక్స్ పట్టుకెళ్లు, పొలం ఇంకో ఏడాది నీదే.

ప్రశ్న: డాలస్, టెక్సాస్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఎయిర్‌బో అని 2016లో బెంజమిన్ వాళ్లు పయనీర్ తెచ్చారు కదా, సెకనుకు 450 అడుగులంటున్నారు. అది బాణమే వేస్తుంది, పేరులోనూ బో ఉంది. ఆర్చరీ సీజన్‌లో వాడొచ్చా?

జవాబు: రోచెస్టర్

పేరు చూసి మోసపోకండి సార్. దానికి వంగే లింబ్ లేదు, నారి లేదు. సన్నటి గొట్టం మీదికి బోలుగా ఉన్న బాణాన్ని తొడుగుతారు. ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్‌లో కుక్కిన గాలి లోపలి నుంచి బాణాన్ని ముందుకు నెడుతుంది. అంటే అది బాణం తొడుక్కున్న ఎయిర్ గన్. టెక్సాస్‌లో 2018లో యారో గన్‌లను జింకలకు అనుమతించారు గానీ ఆర్చరీ సీజన్‌లోకి రానివ్వలేదు. మామూలు సీజన్‌లో వాడుకోండి. న్యూయార్క్‌లో అయితే జింకలకు దాన్ని బయటికే తీయకూడదు.

మీకు తెలిసే ఉంటుంది, ఆరెగన్‌లో అయితే ఏ క్రాస్‌బోతోనూ వేటాడనివ్వరు. డిజైన్ గురించి వాదించుకునే పనే లేదు.

జవాబు: టొరంటో

పిస్టల్ క్రాస్‌బో ఉన్న రూమ్మేట్‌కి ఒక మాట. నయాగరా చూడటానికి మా వైపు వచ్చేటప్పుడు అది కారు డిక్కీలో మరిచిపోవద్దని చెప్పు. ఒక చేత్తో గురిపెట్టి వదిలే క్రాస్‌బో, లేదా పొడవు 500 మిల్లీమీటర్లు దాటనిది, కెనడాలో నిషేధిత ఆయుధం. వేటకు పనికొస్తుందా లేదా అన్న చర్చ దాకా కూడా పోదు.

ప్రశ్న: ఖమ్మం

అన్నా, మా నాన్నకు నాలుగెకరాల మొక్కజొన్న ఉంది. రాత్రుళ్లు అడవి పందులు పడి సగం పాడు చేస్తున్నాయి. తుపాకీ లైసెన్స్ రాదు. ఇలాంటి క్రాస్‌బో అయితే చప్పుడూ ఉండదు, తెప్పించుకుంటే సరిపోతుందా?

జవాబు: రోచెస్టర్

వద్దు తమ్ముడూ. ఇక్కడి లెక్కలు అక్కడ పనికిరావు. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే విల్లు, బాణాలు ఉన్నాయి. ఉచ్చు, వల, విషం కూడా ఉన్నాయి. చివర్లో జంతువుని గాయపరచగల ఏ పరికరమైనా అని కలిపేశారు, కాబట్టి ఎంత వింత డిజైన్ అయినా తప్పించుకోదు. తొమ్మిదో సెక్షన్ వేటనే నిషేధిస్తుంది. పంట నష్టానికి దారి పదకొండో సెక్షన్‌లో ఉంది, కానీ అది అటవీ అధికారులు రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి. మీ రేంజ్ ఆఫీసులో పంట నష్టం అర్జీ పెట్టించు. ఫొటోలు తీసి, తేదీలు రాసి పెట్టుకోండి.

ప్రశ్న: బింగ్‌హామ్‌టన్

అన్నా, నిన్న రాత్రి టేపు పెట్టి చూశా. నువ్వన్నదే, దించితే పదిన్నర. కాసేపు దిగులేసింది గానీ ఫేస్‌బుక్‌లో ఒక పాత కాంపౌండ్ క్రాస్‌బో దొరికింది. స్టిక్కర్ మీద 175 పౌన్లు. అమ్మేవాడి గ్యారేజ్‌లోనే కొలిచా, లింబ్ మొనల మధ్య 19 అంగుళాల పైనే ఉంది. ఆయన నన్ను వింతగా చూశాడు. రావిన్ పెన్సిల్వేనియాకి, ఇది ఇక్కడికి. ఒక్క డౌట్. రావిన్ అయితే హ్యాండిల్ తిప్పి నారి దించేసేవాడిని. దీనికి ఆ సౌకర్యం లేదు. జింక రాకపోతే సాయంత్రం ఎలా దించాలి? అలాగే కారులో పెట్టుకోవచ్చా?

జవాబు: రోచెస్టర్

నారి ఎక్కించి ఉన్న క్రాస్‌బో కారులో పెట్టకూడదు, అది గట్టి రూల్. బాణం లేకుండా ట్రిగ్గర్ కూడా నొక్కకు, లింబ్ చీలిపోతుంది. మొద్దు మొన ఉన్న పాత బాణం ఒకటి బ్యాగులో ఉంచుకో. వేట టైమ్ అయ్యేలోపే, చెట్టు దిగిన చోటే, పది అడుగుల దూరంలో రాళ్లు లేని మెత్తటి నేలలోకి వదిలెయ్. పార్కింగ్ దాకా తెచ్చి వదలకు, ఇళ్లకు 250 అడుగుల లోపల క్రాస్‌బో వదలకూడదు.

ఇంకోటి, మీ సదరన్ జోన్‌లో ఈ ఏడాది ఆర్చరీ సీజన్ అక్టోబర్ 1నే మొదలైనా క్రాస్‌బోకి చివరి రెండు వారాలే, నవంబర్ 4 నుంచి 17 వరకు. దానికి లైసెన్స్ మీద మజిల్‌లోడర్ ప్రివిలేజ్ (గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకీకి ఇచ్చే అదనపు అనుమతి) ఉండాలి. బౌహంటింగ్ (మామూలు విల్లు వేట) ప్రివిలేజ్ కొని అదే సరిపోతుందనుకున్నవాళ్లు ఇద్దరు నాకు తెలుసు. నీ లైసెన్స్ మీద ఏం ప్రింటయ్యిందో ఇప్పుడే ఒకసారి చూసుకో.

ప్రశ్న: బింగ్‌హామ్‌టన్

చూశా అన్నా. బౌహంటింగ్ అనే ఉంది. రేపు లంచ్ టైమ్‌లో వెళ్లి రెండోది తీసుకుంటా.