జపాన్ కొనుగోలుదారులకు కలంకారీని సోషల్ మీడియాలో ఎలా పరిచయం చేయాలి?

ప్రశ్న (చెన్నై, నంగనల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. పెళ్లయి చెన్నై వచ్చి 14 ఏళ్లయింది. మా పుట్టింటివారు కలంతో వేసే గుడ్డలనూ, పెడనలో మాకు తెలిసిన రెండు కుటుంబాలు అచ్చులతో అద్దే గుడ్డలనూ ఇంటి నుంచే అమ్ముతుంటాను. ఒరగడం వైపు కంపెనీలలో ఉద్యోగాలకు వచ్చిన జపాన్ కుటుంబాలలోని కొందరు ఆడవారు మొదట ఇంటికి వచ్చి కొనేవారు. స్వదేశం వెళ్లిన తరువాత కూడా ఇద్దరు ముగ్గురు తెప్పించుకుంటున్నారు. అది చూసి, జపాన్‌లోని వారికి నేరుగా అమ్మవచ్చునన్న ఆశతో నిరుడు ఇక్కడి ఒక ప్రచార ఏజెన్సీకి పని అప్పగించాను.

వారు ఫేస్‌బుక్‌లో జపనీస్ పేజీ తెరిచి, "50 శాతం తగ్గింపు, ఈ రోజే ఆఖరు" అని ఎర్రటి అక్షరాలతో రోజూ పోస్టులు పెట్టారు. ఇన్‌స్టాగ్రామ్‌లో 20 మంది జపాన్ యువతులకు స్టోల్స్ ఉచితంగా పంపి, సొంత డబ్బుతో కొనుక్కున్నట్టు రాయమని అడిగారట. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. ఆరు నెలలలో లక్షా ఎనభై వేలు ఖర్చయింది, వచ్చినవి మూడే ఆర్డర్లు. అందులో ఒకావిడ ఏమీ ఫిర్యాదు చేయలేదు, కానీ మళ్లీ కొననూ లేదు. గుడ్డకు వాసన వచ్చిందని ఆవిడ బాధపడ్డట్టు ఇక్కడి జపాన్ స్నేహితురాలి ద్వారా విన్నాను. కొత్త గుడ్డకు కరక్కాయ, గేదెపాల వాసన ఉంటుందని మనకు తెలుసు, వారికెలా తెలుస్తుంది?

మా నాన్నగారు ఈ వయసులోనూ రోజుకు ఆరు గంటలు కలం పట్టుకుని కూర్చుంటారు. ఆ పనిని అంత చవకబారుగా చూపించానే అని దిగులుగా ఉంది. ఏ వేదిక మీద, ఏమని రాయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (బెంగళూరు, ఇందిరానగర్ నుంచి)

నమస్కారమండీ. నేను పన్నెండేళ్లుగా బెంగళూరులో జపాన్ ఖాతాదారుల ప్రచార విభాగంలో పనిచేస్తున్నాను. మీ ప్రశ్నలో వాసన గురించి రాసిన వాక్యం దగ్గరే మీకు కావలసిన జవాబు ఉందని నాకు అనిపించింది, అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

జపాన్ కొనుగోలుదారు ముక్కూమొహం తెలియని అమ్మకందారు దగ్గర కొనేముందు చూసేది ధర ఒక్కటే కాదు. వస్తువు చేతికి వచ్చిన తరువాత తాను ఊహించనిది ఏదైనా బయటపడుతుందేమోనన్న శంకే ఆమెను ఎక్కువగా ఆపుతుంది. నచ్చకపోతే గొడవపడేవారు తక్కువ, మౌనంగా తప్పుకునేవారే ఎక్కువ. అందువల్ల పాల వాసన ఉంటుందని, ఒకటి రెండు ఉతుకులలో పోతుందని, మొదట కొంత రంగు దిగుతుందని, చేతిపని కాబట్టి గీత అక్కడక్కడా లావుగా సన్నగా ఉంటుందని ఫొటోలతో సహా ముందే చెప్పండి. ఉతకక ముందు ఒక ఫొటో, ఐదు ఉతుకుల తరువాత ఒక ఫొటో పక్కపక్కన పెట్టండి. ఇది సరుకును తక్కువ చేయడమని మన అమ్మకందారులు భయపడతారు, కానీ నేను చూసినంతలో నమ్మకం కుదిరేది ఇక్కడే.

ఇక వేదికల విషయం. ఫేస్‌బుక్‌ను అక్కడ ఎక్కువగా ఉద్యోగ పరిచయాలకు, అసలు పేరుతో, నడివయసువారు వాడతారు. చేతిపని గుడ్డలు వెతికేవారు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటారు. ఎక్స్‌ను (అక్కడ ఇప్పటికీ చాలామంది ట్విట్టర్ అనే అంటారు) జపాన్‌లో విపరీతంగా వాడతారు, అదీ ఎక్కువగా మారుపేర్లతో. ట్విట్టర్ 2017 నవంబరులో అక్షరాల పరిమితిని 280కి పెంచినప్పుడు జపనీస్, చైనీస్, కొరియన్ భాషలకు మాత్రం 140నే ఉంచింది, ఎందుకంటే ఆ లిపులలో 140 అక్షరాలకే చాలా విషయం పడుతుంది. కాబట్టి మీ పోస్టు క్లుప్తంగా ఉన్నా నిండుగా ఉండవచ్చు. కొన్నవారు ఆ వస్తువు ఫొటో పెట్టాలని మీరు కోరుకుంటే, ముఖం కనిపించనక్కరలేదని, గుడ్డ మాత్రం చాలునని స్పష్టంగా రాయండి, ఎందుకంటే ముఖం బయటపెట్టడానికి అక్కడ చాలామంది ఇష్టపడరు.

లైన్ యాప్ గురించి ఒక మాట. 2011 మార్చిలో జపాన్‌లో వచ్చిన భూకంపం తరువాత, ఆ ఏడాది జూన్‌లో మొదలైన ఈ యాప్ మనకు వాట్సాప్ ఎలాగో వారికి అలాగ. అయితే అది పరిచయమైనవారితో మాట్లాడుకునే చోటు. అక్కడ తరచూ తగ్గింపు కబుర్లు పంపితే బ్లాక్ చేస్తారు. వ్యాపారులకిచ్చే అధికారిక ఖాతా ఉచిత ప్లాన్‌లో, 2023 జూన్‌లో మార్చిన లెక్క ప్రకారం, నెలకు 200 సందేశాలే పంపగలం. ఒకే కబురు 50 మందికి పంపితే 50 సందేశాలు లెక్కవుతాయి. ఇప్పటికే కొన్న మీ పాత స్నేహితురాళ్ల కోసమే దాన్ని ఉంచుకోండి.

జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. వారు భోజనాలు ముగించి తీరిక చేసుకునే రాత్రి 9 గంటలంటే మీకు సాయంత్రం 5:30. ఎప్పుడు జవాబిస్తారో ప్రొఫైల్‌లోనే రాసి, ఆ మాట నిలబెట్టుకోండి.

సమాధానం 2 (చెన్నై, చూళైమేడు నుంచి)

నేను జపనీస్ అనువాదకురాలిని. పై సమాధానంతో ఏకీభవిస్తూ, భాషకు సంబంధించిన రెండు మూడు విషయాలు చెబుతాను.

కలంకారీ అన్న మాట జపాన్‌లో కొద్దిమందికే తెలుసు. కానీ ఆ గుడ్డ వారికి నాలుగు వందల ఏళ్ల నాడే తెలుసు! పోర్చుగీసు, డచ్చి ఓడలలో మన కోరమండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకపు గుడ్డలను వారు "సరసా" అన్నారు. తేనీటి వేడుక పెద్దలు వాటిని ఎంత అపురూపంగా చూసుకున్నారంటే, చిన్న ముక్కను కూడా పారేయకుండా, తేయాకు పొడి భరిణెలకూ గిన్నెలకూ "షిఫుకు" అనే సంచులు కుట్టించుకున్నారు. హికొనె ప్రాంతపు ఈయి వంశం వారు సేకరించిన ముక్కలు ఈనాటికీ టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. అందుచేత మీ హ్యాష్‌ట్యాగ్‌లో "కలంకారీ"తో పాటు "ఇందో సరసా" (అంటే భారతదేశపు సరసా) తప్పక ఉండాలి. వెతికేవారు ఆ మాటతోనే వెతుకుతారు. మచిలీపట్నం రేవు పక్కనున్న పెడన గుడ్డలను ఆ చరిత్ర పక్కన పెట్టి చూపితే, తగ్గింపు ధర ప్రస్తావనే అక్కరలేదు.

మీ పాత పోస్టర్లు చూడకపోయినా ఒకటి అడుగుతాను: అక్షరాలకు ఏ ఫాంట్ వాడారు? కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ పద్ధతిలో చాలా కంజి (చైనా నుంచి వచ్చిన లిపి) అక్షరాలకు చైనా, జపాన్ రెండింటికీ ఒకే సంకేతం ఉంటుంది, కానీ రూపం కొంచెం వేరు. "నావొసు", అంటే బాగుచేయడం అనే క్రియకు రాసే అక్షరం చైనీస్ ఫాంట్‌లో వేరుగా కనిపిస్తుంది. మనకు తేడా తెలియదు. జపాన్ పాఠకురాలికి మాత్రం మొదటి చూపులోనే ఇది నకిలీ దుకాణమేమోనన్న అనుమానం వస్తుంది. జపనీస్ ఫాంట్ వాడండి, యంత్రానువాదాన్ని జపాన్ మనిషి ఒకరికి చూపించనిదే పెట్టకండి.

నాప్‌కిన్లు నాలుగేసి సెట్లుగా అమ్ముతుంటే ఐదుకు మార్చండి. నాలుగును "షి" అని కూడా అంటారు, మరణానికీ అదే పలుకు కాబట్టి కానుకలలో ఆ సంఖ్యను తప్పించుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. సరసా సంగతి నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపిస్తే మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. ఇక నన్ను బాధపెడుతున్నది ఆ 20 స్టోల్స్ వ్యవహారం. అది తప్పా? ఇప్పుడేం చేయాలి?

సమాధానం 1 (బెంగళూరు, ఇందిరానగర్ నుంచి)

తప్పేనండీ, మొహమాటం లేకుండా చెప్పాలి. జపాన్‌లో 2023 అక్టోబరు 1 నుంచి, ప్రకటన అయివుండీ ప్రకటన అని తెలియనివ్వని పోస్టులు అక్రమ బహుమానాలు, తప్పుదోవ పట్టించే ప్రకటనల నిరోధక చట్టం కిందికి వచ్చాయి. బాధ్యత పోస్టు రాసిన యువతులది కాదు, రాయించిన వ్యాపారిది. పాత పోస్టయినా ఇంకా కనిపిస్తూ ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. వస్తువు ఇచ్చి, ఏం రాయాలో మీరు చెప్పకుండా ఆమె ఇష్టానికే వదిలేస్తే వేరు సంగతి, కానీ మీ ఏజెన్సీ ఏం రాయాలో చెప్పింది. ఆ 20 మందికీ క్షమాపణతో విడివిడిగా ఉత్తరం రాసి, పోస్టు మొదట్లోనే "ప్రకటన" అనో "పీఆర్" అనో చేర్చమని, ఇష్టం లేకపోతే తీసివేయమని కోరండి. హ్యాష్‌ట్యాగుల గుంపులో ఆ మాటను దాచడం చాలదు.

రోజూ "ఈ రోజే ఆఖరు" అనడం, ఎప్పుడూ అమ్మని ధరను పాత ధరగా చూపి తగ్గించినట్టు చెప్పడం కూడా అదే చట్టానికి విరుద్ధం. కాబట్టి ఆ పేజీ పోస్టులన్నీ తొలగించండి. సహజ రంగులు చర్మవ్యాధులను పోగొడతాయని ఎక్కడైనా రాసివుంటే ముందు దాన్ని తీసేయండి, అది ఔషధాల చట్టం దాకా వెళుతుంది.

ముందే షెడ్యూల్ చేసిన పోస్టులుంటే వాటిని ఆపే పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండాలి. 2024 జనవరి 1న జపాన్‌లోని నోతోలో భూకంపం వచ్చినప్పుడు చాలా సంస్థలు పండుగ ప్రచారాన్ని నిలిపివేశాయి. అలాంటి రోజున మీ ఖాతాలో అమ్మకం పోస్టు పడితే ఎంత మంచి గుడ్డైనా మనసు విరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఉత్తరాలు ఈ రాత్రికే రాస్తాను. మొదటి పోస్టు ఇలా అనుకున్నాను: "శ్రీకాళహస్తిలో మా నాన్న కలంతో గీసిన సరసా. నలుపు రంగు బెల్లం, ఇనుము ఊరబెట్టి తీసినది. కొత్తలో కరక్కాయ, పాల వాసన ఉంటుంది. మొదట రంగు కొంత దిగుతుంది. విడిగా, చల్లని నీళ్లలో ఉతకండి."

సమాధానం 2 (చెన్నై, చూళైమేడు నుంచి)

చాలా బాగుంది, జపనీస్‌లో 140 అక్షరాలలో పడుతుంది, నేను రాసి పంపుతాను. "మొదట" అంటే ఎన్ని ఉతుకులని తప్పకుండా అడుగుతారు. నాన్నగారిని కనుక్కుని ఆ అంకె చెప్పండి.