అమెరికాలో పుట్టి కెనడా పౌరసత్వం కూడా ఉన్న పిల్లలు: ఇండియా వెళ్లడానికి ఏ పాస్‌పోర్ట్?

నయాగరా_పక్కన
బాబుకి ఏడేళ్లు. పుట్టింది న్యూజెర్సీలో, ఉండేది టొరంటోలో. ముగ్గురికీ కెనడా పౌరసత్వం వచ్చింది, పాస్‌పోర్ట్‌లూ వచ్చాయి. బాబు ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులు వీసా లేకుండా ఇండియా రావడానికి ఇచ్చే పుస్తకం) పసివాడుగా ఉన్నప్పుడే అమెరికా పాస్‌పోర్ట్ మీద తీసుకున్నది. ఆ పాస్‌పోర్ట్ గడువు దాటిపోయింది. ఎండాకాలం సెలవులకి హైదరాబాద్ వెళ్లాలి. అమెరికాలోని నెవార్క్ మీదుగా టికెట్ చౌకగా ఉంది. కెనడా పాస్‌పోర్ట్, ఓసీఐ పుస్తకం పట్టుకుని వెళ్తే చాలదా?

గట్టుమీద_గోదారి
చాలదండి. రెండు చోట్ల తగులుకుంటుంది.

మొదటిది టొరంటోలోనే. అక్కడి పియర్సన్ విమానాశ్రయం నుంచి అమెరికా వెళ్లే విమానాలకి అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే, ఎక్కకముందే అయిపోతుంది. అమెరికా పౌరులు ఆ దేశంలోకి అమెరికా పాస్‌పోర్ట్ మీదే రావాలి, వెళ్లేటప్పుడూ అంతే. అది వాళ్ల చట్టం, చంటిపిల్లలకీ వర్తిస్తుంది. కెనడా వాళ్లకి వీసా అక్కర్లేదు కదా అని చాలామంది పిల్లాడి కెనడా పాస్‌పోర్ట్ చూపిస్తారు. అందులో పుట్టిన ఊరి పక్కనే యూఎస్ఏ అని అచ్చయి ఉంటుంది. ఆఫీసర్ కన్ను ముందు అక్కడికే పోతుంది.

రెండోది ఓసీఐ. పుస్తకంలో జాతీయత అమెరికా అనీ, అమెరికా పాస్‌పోర్ట్ నంబరూ ఉంటాయి. చేతిలో కెనడా పాస్‌పోర్ట్ ఒక్కటే ఉంటే చెక్-ఇన్ కౌంటర్లో ఆ రెండూ కలవవు. ఓసీఐ ఏ జాతీయత మీద ఇచ్చారో ఆ దేశపు పాస్‌పోర్ట్, గడువు ఉన్నది, వెంట ఉండాలి.

చెక్‌లిస్ట్_చిట్టి
కాబట్టి ముందు అమెరికా పాస్‌పోర్ట్. 16 లోపు వాళ్లకి రెన్యువల్ అనేదే లేదు, ప్రతిసారీ కొత్త దరఖాస్తే. ఫారం డీఎస్-11. సంతకం ఇంట్లో పెట్టేయకండి, అధికారి ఎదుట పెట్టాలి. పిల్లాడూ అమ్మానాన్నలిద్దరూ స్వయంగా రావాలి. ఒకరు రాలేకపోతే వాళ్లు డీఎస్-3053 అనే ఒప్పుకోలు ఫారం నోటరీ చేయించి పంపాలి. నోటరీకి ఏ గుర్తింపు కార్డు చూపించారో దాని రెండు వైపుల జిరాక్స్ జత చేయాలి, నోటరీ అయిన తేదీ నుంచి మూడు నెలలు దాటకూడదు. ఎక్కువమందికి తిరిగొచ్చేది ఆ జిరాక్స్ లేకే.

బర్త్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు ఉండాలి. కొన్ని చోట్ల ఇచ్చే చిన్న కాగితంలో పిల్లాడి పేరు, తేదీ మాత్రమే ఉంటాయి, అది చెల్లదు. ఒరిజినల్‌తో పాటు జిరాక్స్ కూడా ఇవ్వాలి. ఒరిజినల్ వేరే కవరులో వెనక్కి వస్తుంది, పాస్‌పోర్ట్‌తో రాలేదని కంగారుపడకండి. ఫీజు 100 డాలర్లు, పైన 35. ఐదేళ్లకి ఇస్తారు.

టొరంటోలోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. సరిహద్దు దాటి అటువైపు దరఖాస్తులు తీసుకునే పోస్టాఫీసులో ఇచ్చినా కుదురుతుంది.

నయాగరా_పక్కన
పాస్‌పోర్టే లేదుగా, పిల్లాణ్ణి అటువైపు తీసుకెళ్లేదెలా?

చెక్‌లిస్ట్_చిట్టి
కార్లో వెళ్లండి. రోడ్డు మీద గానీ ఓడలో గానీ కెనడా నుంచి వచ్చే 16 లోపు అమెరికా పౌరులకి బర్త్ సర్టిఫికెట్ చాలు, కాపీ అయినా ఒప్పుకుంటారు. నయాగరా దగ్గర సరిహద్దు మీదున్న రెయిన్‌బో బ్రిడ్జి దాటేటప్పుడు అదీ కెనడా పాస్‌పోర్టూ రెండూ ఇవ్వండి. విమానానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు.

అట్లాంటా_టు_అమలాపురం
ఇంకో దారి కూడా ఉంది. కెనడాలోనే ఉండిపోయేవాళ్లయితే ఓసీఐనే కెనడా పాస్‌పోర్ట్ మీదకి మార్పించుకోవచ్చు. జాతీయత మారినందుకు రీ-ఇష్యూ కింద దరఖాస్తు చేయాలి. ఐదేళ్లకోసారి డీఎస్-11 కోసం ఇద్దరూ సెలవు పెట్టుకోనక్కర్లేదు, కెనడా పిల్లల పాస్‌పోర్ట్ పని పోస్టులోనే అయిపోతుంది.

గట్టుమీద_గోదారి
అందులో మెలిక ఉందండి. రీ-ఇష్యూకి వారాలు పడుతుంది, ఈ సెలవులకి అందుతుందన్న భరోసా లేదు. పైగా అమెరికా గడ్డ మీద కాలు పెట్టినప్పుడల్లా ఆ పాస్‌పోర్ట్ ఎలాగూ కావాలి. పుట్టుకతో వచ్చిన పౌరసత్వం మీదే ఓసీఐ ఉంచడం నాకు నయం అనిపిస్తుంది. అమెరికా వైపు అసలు వెళ్లని కుటుంబమైతే మీ మాటే సరి.

కొత్త అమెరికా పాస్‌పోర్ట్ వచ్చాక ఓసీఐ పుస్తకం మార్చక్కర్లేదు. 2021 నుంచి 20 ఏళ్లలోపు వాళ్లు కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన ప్రతిసారీ దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ పోర్టల్లో మూడు నెలల్లోగా అప్‌లోడ్ చేస్తే సరిపోతుంది. పైసా కట్టనక్కర్లేదు. రికార్డులో చేర్చినట్టు మెయిల్ వస్తుంది, ప్రింట్ తీసి పుస్తకంలో పెట్టుకోండి. మెయిల్ రాకముందే ప్రయాణం చేయవలసి వచ్చినా అభ్యంతరం ఉండదు. పాత పాస్‌పోర్ట్ మోయాలన్న నియమం కూడా ఎత్తేశారు. అయినా ఓసీఐ మీద ఉన్నది పాత నంబరే కదా, సంచిలో ఓ మూల పడేసుకుంటే కౌంటర్లో వాదన తప్పుతుంది. 20 నిండాక వచ్చే మొదటి పాస్‌పోర్ట్‌కి మాత్రం పుస్తకం తప్పనిసరిగా మార్పించాలి.

ఫొటో_స్టూడియో_బాబాయ్
ఒకే ఫొటో మూడింటికీ వాడేద్దామనుకుంటారు. కుదరదమ్మా. అమెరికాకి రెండంగుళాల చదరం, తెల్లటి వెనకతెర. కెనడాకి 50 × 70 మిల్లీమీటర్లు, గడ్డం నుంచి నడినెత్తి దాకా 31 నుంచి 36 మిల్లీమీటర్లు, వెనక స్టూడియో పేరు, చిరునామా, తీసిన తేదీ. ఒక ఫొటో వెనక గ్యారంటర్, అంటే మీకు పూచీ ఇచ్చే తెలిసినాయన, తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఓసీఐకీ చదరమే గానీ వెనకతెర తెలుపు కాకుండా లేతరంగు ఉండాలి. తెల్లగోడ ముందు తీసినది పోర్టల్ తీసుకుంటుంది, ఆనక పరిశీలనలో కొర్రీ వేస్తారు. పిల్లాడికి తెల్లచొక్కా కూడా వేయకండి, తెరలో కలిసిపోతుంది.

ఇంటిపేరు_ఇబ్బంది
మన తెలుగువాళ్లకి అసలు తిప్పలు పేర్లతోనే. తండ్రి ఇండియా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. అమెరికా వీసా మీద ఆ పేరంతా సర్‌నేమ్ గడిలోకి మార్చి, గివెన్ నేమ్ చోట ఎఫ్ఎన్‌యూ అని కొట్టారు. అంటే "మొదటి పేరు తెలియదు" అని. ఆస్పత్రిలో అదే చూసి పిల్లాడి బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఎఫ్ఎన్‌యూతో ఎక్కించారు. ఆనక తండ్రి పేరు సరిచేసుకుని కెనడా పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. ఇప్పుడు పిల్లాడి ఓసీఐకి పెట్టిన కాగితాల్లో తండ్రి ఇద్దరు మనుషులు!

దీనికి మందు బర్త్ సర్టిఫికెట్‌ని ఆ రాష్ట్రం జనన రికార్డుల ఆఫీసులో సవరించుకోవడమే. అఫిడవిట్‌తో ఒకసారి గట్టెక్కినా మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటారు. పిల్లాడి పేరు కూడా అమెరికా, కెనడా పాస్‌పోర్ట్‌లు రెండింట్లో అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా, ఇంటిపేరు రెండింట్లోనూ సర్‌నేమ్ గడిలోనే ఉందా అని పక్కపక్కన పెట్టి చూడండి. టికెట్ ఆ తర్వాతే.

మల్కాజ్‌గిరి_మామ
తల్లి ఒక్కతే పిల్లగాణ్ణి తీస్కపోతుంటే తండ్రి దగ్గర ఒప్పుకోలు లెటర్ నోటరీ చేపియ్యున్రి. కెనడా సర్కారు సైట్ల నమూనా ఉంది. చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ తిరిగొచ్చేటప్పుడు బార్డర్ల అడుగుతరు. పిల్లగాని రెండు పాస్‌పోర్ట్‌ల నంబర్లు, పోయే తేదీ, వచ్చే తేదీ, అక్కడ ఉండే ఇంటి అడ్రసు, తండ్రి ఫోన్ నంబరు రాయాలె. ఒక్క పాస్‌పోర్ట్ నంబరే రాస్తే రెండోది చూపిచ్చినకాడ ప్రశ్నలు రావొచ్చు. అమ్మమ్మతోని పంపుతుంటే ఇద్దరి సంతకాలు ఉండాలె. అమ్మమ్మ ఇంటిపేరు వేరే ఉంటది కదా, తల్లి పాస్‌పోర్ట్ జిరాక్స్, పిల్లగాని బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ గూడ పెట్టున్రి.

సందేహాల_సుబ్బి
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. పిల్లాడికి ఇండియా పాస్‌పోర్టే తీసేస్తే ఈ ఓసీఐ గొడవే ఉండదుగా?

గట్టుమీద_గోదారి
వీళ్లకి దారి లేదు. విదేశంలో పుట్టిన బిడ్డని ఇండియా పౌరుడిగా కాన్సులేట్‌లో ఏడాదిలోపు నమోదు చేయించాలి, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని రాసివ్వాలి. ఇక్కడ బిడ్డకి రెండున్నాయి.

నయాగరా_పక్కన
అర్థమైంది. అమెరికా పాస్‌పోర్ట్‌కే అప్లై చేస్తున్నాం. ఆఖరుగా ఒకటి: టికెట్‌లో ఏ నంబరు ఎక్కించాలి?

గట్టుమీద_గోదారి
మీ దారిలో రానూపోనూ అంతా అమెరికా పాస్‌పోర్టే పెట్టేయండి. పియర్సన్‌లో అమెరికా ఇమిగ్రేషన్‌కి అదే. ఇండియాలో దిగేటప్పుడు అదీ ఓసీఐ, ఇండియా దాటేటప్పుడూ అవే. దిగినది ఒకదాని మీద, ఎక్కేది ఇంకోదాని మీద పనికిరాదు. తిరుగు ప్రయాణంలో నెవార్క్‌లోనూ అదే చూపించాలి. కెనడా విమానానికి కెనడా పౌరులు కెనడా పాస్‌పోర్ట్ చూపించాలన్న నియమం ఉన్నా, అమెరికా పౌరసత్వం కూడా ఉన్నవాళ్లకి అమెరికా పాస్‌పోర్ట్‌తో ఎక్కే మినహాయింపు ఉంది. టొరంటోలో దిగాక కౌంటర్లో మాత్రం కెనడాది తీయండి. రెండూ చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి.