వరదొస్తే మా మున్సిపాలిటీ ఏం చేస్తుందో ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్తే. మున్సిపాలిటీలోనో రెవెన్యూలోనో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. మాది వాగు పక్కన కాలనీ. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో ఆహారం పొట్లాలు అందించడం, నీళ్లు తీశాక ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడగడం టీవీలో చూశాం కదా, అప్పట్నుంచీ వాన గట్టిగా పడితే చాలు టెన్షన్. మా పక్కింటి తాతగారు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆక్సిజన్ మిషన్ మీద ఉంటారు, కరెంటు తీసేస్తే ఆయన్ని ఎవరు, ఎటు తీసుకెళ్లాలి?

2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థలు కూడా సొంత ప్లాన్ తయారుచేసి జిల్లా అథారిటీకి (కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి) కాపీ ఇవ్వాలి. సిబ్బందికి శిక్షణ, సామాన్లు సిద్ధంగా ఉంచడం వాళ్ల బాధ్యతేనని 41వ సెక్షన్ చెబుతోంది. ఆ ప్లాన్ గురించి మా మున్సిపల్ ఆఫీసులో అడిగితే కలెక్టరేట్‌కి వెళ్లమన్నారు, అక్కడేమో మళ్లీ మున్సిపాలిటీకే పొమ్మన్నారు.

ఆ కాపీ కోసం ఆర్టీఐ ఎవరి పేరున పెట్టాలి? మంచం పట్టినవాళ్లు, గర్భిణుల లిస్టు వార్డు సచివాలయంలో ముందే రాసి పెట్టుకుంటారా, లేక మేమే రాసివ్వాలా? పునరావాస కేంద్రం ఏ స్కూల్లో పెట్టాలో, పడవలు ముందు ఏ వీధికి పంపాలో కమిషనర్ నిర్ణయిస్తారా, తహసీల్దారా? మీ ఊళ్లో మాక్ డ్రిల్ చేయించుకోగలిగినవాళ్లుంటే అర్జీలో ఏం రాశారో చెప్పండి, వానలు ముదరక ముందే ఇచ్చేస్తాం.