కాలి పిక్క, పిక్కబలం: వృద్ధుల ఆరోగ్యపత్రంలో ఏ మాట రాయాలి?

తిరుపతిలో మా వీధి వృద్ధుల కోసం సిద్ధమవుతున్న ఒక ఆరోగ్యపత్రాన్ని తెలుగు చేసే పని నాకు అప్పగించారు. అందులో ఎత్తు, బరువు, నడుము కొలతల తరువాత ‘కాఫ్ సర్కమ్‌ఫరెన్స్’ అనే గడి ఉన్నది. చిత్తుప్రతిలో దానికి ‘జంఘా పరిధి’ అని రాశారు. దానిని కొట్టివేసి ‘కాలి పిక్క చుట్టుకొలత’ అని రాయాలని నా అభిప్రాయం.

జంఘ అంటే మోకాలి నుండి చీలమండ దాకా ఉన్న భాగమంతా వస్తుంది. కొలవవలసినది దాని వెనుక ఉబ్బెత్తుగా ఉండే కండను. అలిపిరి మెట్లెక్కి, మోకాళ్ళ పర్వతం దాటి వచ్చినవారు మరునాడు ‘పిక్కలు పట్టేసినాయి’ అంటారు గాని జంఘలు నొచ్చాయని ఎవరూ అనరు. ఉత్తరాంధ్రలో చింతపిక్క, జీడిపిక్క అన్నప్పుడు పిక్క అంటే గింజ కనుక, ముందు ‘కాలి’ చేర్చితే ఆ చిక్కు కూడా తీరుతుంది.

‘పిక్కబలం చూపించాడు’ అంటే పారిపోయాడని అర్థం. ఈ పలుకుబడిని ఎగతాళికే వాడుతున్నాము గాని, మనిషి సత్తువ పిక్కలో తెలుస్తుందన్న ఎరుక దాని అడుగున ఉన్నది. వృద్ధుల విషయంలో వైద్యులు ఇప్పుడు చెబుతున్నదీ అదే; ఎత్తు, బరువు మాత్రమే చూస్తే చాలదు. బరువును ఎత్తు వర్గంతో భాగించే సూచీని బెల్జియం గణితవేత్త కెట్లే 1832లో రూపొందించినది జనసమూహాల సగటును తెలుసుకోవడానికే. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. వయసు మీరిన కొద్దీ వెన్నుపూసలు కుంగి ఎత్తు తగ్గుతుంది కనుక, బరువు మారకపోయినా ఆ సూచీ పెరుగుతుంది; కండ కరిగిన మేరకు కొవ్వు చేరితే త్రాసుకు తేడాయే తెలియదు. పిక్కలో కొవ్వు తక్కువ, కండ ఎక్కువ కాబట్టి ఆ తరుగుదల అక్కడ బయటపడుతుంది. పిక్క సన్నబడిన వృద్ధులలో మరణాలు ఎక్కువని పలు దేశాల అధ్యయనాలలో తేలింది. పురుషులకు 34, స్త్రీలకు 33 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే కండ నష్టాన్ని అనుమానించి పరీక్షించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో సూచించింది. అయితే కాళ్ళకు నీరు దిగినవారిలో ఈ కొలతను నమ్మరాదు.

మా అవ్వ చివరి రెండేళ్ళలో కాలి కడియాలు జారిపోతున్నాయని లోపల గుడ్డపీలిక చుట్టుకునేది. బరువు తగ్గలేదు కదా అని మేమందరం ఊరుకున్నాము. కడియం చెప్పిన మాటను మేము వినలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉన్నది.

జపానులో టేపు లేకుండానే రెండు చేతుల బొటనవేళ్ళను, చూపుడువేళ్ళను కలిపి పిక్క చుట్టూ పట్టి చూస్తారు. సందు మిగిలితే కండ తగ్గి ఉండవచ్చునని భావిస్తారు. జాన, బెత్తెడు, మూర అని ఎవరి చేతితో వారు కొలుచుకున్న మనకు ఇది కొత్త పద్ధతి కాదు. దీనిని ‘వేళ్ళ కడియం’ అనవచ్చునా? అలాగే 1989లో గ్రీకు మాటలతో పుట్టిన ‘సార్కోపీనియా’కు (వయసుతో కండ తగ్గిపోవడానికి వైద్యుల మాట) ‘కండరక్షయం’ అని రాస్తే, క్షయ వ్యాధి అనుకొని ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. ‘కండ కరగడం’ చాలును.

ఇది చదివిన ఒక పలమనేరు పాఠకురాలి స్పందన: పిక్క విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. చుట్టుకొలతకు బదులు ‘కైవారం’ అనే పాత తెలుగు మాటను వాడితే బాగుంటుంది కదండీ? ‘వేళ్ళ కడియం’ మాత్రం తప్పక ఉంచండి. మా అత్తగారికి చెప్పగానే అర్థమైంది.

నా సమాధానం: కైవారం నాకూ ఇష్టమైన మాటేనమ్మా. కాని ఈ పత్రం నింపేవారికి దర్జీ నోట విన్న చుట్టుకొలతే వెంటనే తెలుస్తుంది కనుక దానినే ఉంచుతున్నాను. గడి కింద ఇలా రాశాను: ‘కుర్చీలో కూర్చోబెట్టి, పాదాన్ని నేలకు ఆనించి, కాలి పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపును బిగించకుండా చుట్టి కొలవండి. కాళ్ళకు నీరు దిగి ఉంటే ఆ సంగతి పక్కన రాయండి.’